ఇంట్లో కుట్టే గుడ్డబొమ్మలు

గుడ్డను రెండు పొరలుగా కుట్టి, లోపల మెత్తటిదేదైనా కూరి, మూతి కుట్టేస్తే గుడ్డబొమ్మ తయారవుతుంది. పిల్లల ఆటవస్తువుల్లో ఇంట్లోనే చేసుకోదగ్గ వాటిలో ఇంత సులువైనది మరొకటి లేదు. కొయ్యబొమ్మకు చెక్కే చెయ్యి కావాలి, మట్టిబొమ్మకు ఆవం కావాలి. గుడ్డబొమ్మకు పాత చీర ముక్క, సూది, దారం, నాలుగు గుప్పెళ్ల దూది చాలు. మనిషి బొమ్మలే కాక బంతులు, చేతికి తొడిగే బొమ్మలు, గుడ్డ పుస్తకాలు, పచ్చీసు పటాలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

గుడ్డ తొందరగా చివికిపోతుంది. అందుకే వేల ఏళ్లనాటి మట్టిబొమ్మలు తవ్వకాల్లో బయటపడుతున్నా, గుడ్డబొమ్మలు దొరకడం చాలా అరుదు. ఈజిప్టులోని పొడి నేల పుణ్యమా అని అలాంటిదొకటి మిగిలింది. ఆ దేశం రోమన్ల ఏలుబడిలో ఉన్న కాలానిది, క్రీస్తుశకం 1, 5 శతాబ్దాల మధ్యది. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ముతక అవిసెనార గుడ్డతో కుట్టి, లోపల గుడ్డపీలికలు, పాపిరస్ ముక్కలు కూరారు. పైన ఇంట్లో మిగిలిన గుడ్డ, లోపల ఎందుకూ పనికిరాని పీలికలు. అప్పటికీ ఇప్పటికీ పద్ధతి ఏమీ మారలేదు.

తెలుగు ప్రాంతంలో బొమ్మలంటే కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ పేర్లే ముందు గుర్తొస్తాయి. అవి ప్రధానంగా కొయ్యబొమ్మలు. కొండపల్లిలో తెల్ల పొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర వాడతారు. వాటికి ఊరుంది, వృత్తి పనివారున్నారు, బజారుంది. గుడ్డబొమ్మకు ఆ భాగ్యం పట్టలేదు. అమ్మమ్మలూ అమ్మలూ పిల్లల కోసం కుట్టినది ఆ ఇంట్లోనే ఆడి, ఆ ఇంట్లోనే చిరిగిపోయేది. బొంత కుట్టగా మిగిలిన పీలికలతో బొమ్మ, పీలికల్ని గట్టిగా చుట్టి పైన దారం బిగించిన బంతితో ఏడు పెంకులాట, బొమ్మల పెళ్లి నాడు జాకెట్టు ముక్కతో పెళ్లికూతురి పట్టుచీర. ఏమీ దొరకనప్పుడు తువ్వాలును చుట్టి, మెడ దగ్గర దారం కట్టి, పాపాయి అని పడుకోబెట్టడం. వీటిని దాచిపెట్టినవారు లేరు, లెక్కరాసినవారు అంతకన్నా లేరు. కొయ్యబొమ్మలకు దక్కిన గౌరవంలో కొంతైనా ఈ పనితనానికి దక్కవలసింది.

మెత్తటి గుడ్డను పిల్లలు ఎందుకంత గట్టిగా పట్టుకుంటారన్న దానిపై 20వ శతాబ్దంలో చాలా పరిశీలన జరిగింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త పుట్టగానే తల్లి నుంచి వేరుచేసిన కోతిపిల్లల ముందు రెండు ఉత్తుత్తి తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఒట్టి ఇనుప తీగది, రెండోది పైన తువ్వాలు గుడ్డ తొడిగినది. పాలసీసా తీగ తల్లికి ఉన్నా, పిల్లలు పాలు తాగేంతసేపే అక్కడుండి, మిగతా పొద్దంతా గుడ్డ తల్లినే కరుచుకుని ఉండేవి. 1958లో ప్రకటించిన ఆ ఫలితాలు పిల్లల పెంపకం గురించిన ఆలోచనలనే మార్చాయి. కోతిపిల్లల పట్ల ఆ ప్రయోగం క్రూరమైనదన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. ఇంగ్లండులో పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ అయితే పసివాళ్లు దుప్పటి కొసనో గుడ్డబొమ్మనో వదలకపోవడాన్ని ఇళ్లలోనే గమనించాడు. తల్లి నుంచి కాస్త కాస్తగా విడివడే వయసులో ఆ వస్తువు బిడ్డకు తోడుగా ఉంటుందని 1951లో వివరించాడు. బిడ్డ వదలని బొమ్మను మురికిగా ఉందని చెప్పకుండా పారేయకూడదని పెద్దవాళ్లు అనేది ఇందుకే.

ఇంటి నుంచి బజారుకు

ఇప్పుడు దుకాణాల్లో కనిపించే మెత్తటి బొమ్మల వెనక ఇంటి కుట్టుపనే ఉంది. జర్మనీలోని గీంగెన్ ఊళ్లో 1847లో పుట్టిన మార్గరెటె ష్టయిఫ్‌కు పసితనంలోనే పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి, కుడిచెయ్యి బలహీనపడింది. అయినా పట్టుబట్టి కుట్టుపని నేర్చుకుంది. ఒక ఫ్యాషన్ పత్రికలో వచ్చిన నమూనా చూసి 1880లో ఫెల్టుతో చిన్న ఏనుగు కుట్టింది. సూదులు గుచ్చుకునే దిండుగా వాడతారని ఆమె అనుకుంటే, పిల్లలు దాన్ని ఆటబొమ్మగా తీసుకున్నారు. ఆ ఏనుగు నుంచి పెద్ద బొమ్మల సంస్థే పుట్టింది. ఆమె తమ్ముడి కొడుకు రిచర్డ్ 1902లో చేతులూ కాళ్లూ కదిలే ఎలుగుబంటి తయారుచేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటలో కట్టేసి ఉంచిన ఎలుగుబంటిని కాల్చనన్నాడని పత్రికలో వ్యంగ్యచిత్రం వచ్చింది. దాన్ని చూసి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడిపే మోరిస్ మిక్టమ్, ఆయన భార్య రోజ్ గుడ్డ ఎలుగుబంటి కుట్టి అద్దాల అరలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు మీద అది టెడ్డీ బేర్ అయింది.

జర్మనీకే చెందిన బొమ్మల తయారీదారు కేటె క్రూజె కథ ఇంకా ఇంటికి దగ్గరగా ఉంటుంది. 1905లో ఆమె కూతురు బొమ్మ కావాలని అడిగింది. శిల్పి అయిన భర్త బజారు బొమ్మలు నచ్చక, నువ్వే చేసిపెట్టమన్నాడు. ఆమె తువ్వాలులో ఇసుక పోసి, కొసలు ముడేసి కాళ్లూ చేతులూ చేసి, తలకాయ స్థానంలో బంగాళాదుంప కట్టింది. పిల్ల దాన్ని ప్రాణంగా చూసుకుంది. 1910లో బెర్లిన్‌లో ఆమె బొమ్మలు ప్రదర్శనకెక్కాయి, ఆ తర్వాత అవి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. మొదటి బొమ్మ అందంగా లేదు. అదేమీ అడ్డం కాలేదు.

మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ఆదివాసీ గుడ్డబొమ్మలకు పేరు. భిల్లుల దుస్తులు, నగలు అచ్చుగుద్దినట్టు వాటికి తొడుగుతారు. ఈ పనిలో జీవితం గడిపిన రమేశ్ పర్మార్, శాంతి పర్మార్ దంపతులకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఆరోవిల్ పరిసరాల్లోని మత్స్యకార మహిళలు కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డతో బొటనవేలంత బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. సునామిక అనే ఆ బొమ్మను అమ్మరు, కానుకగా ఇస్తారు. తీరం కోల్పోయిన ధైర్యాన్ని కూడదీసుకోవడానికి ఆ స్త్రీలకు సూదిపని ఆసరా అయింది.

గుడ్డ ఎంపిక

బొమ్మకు నేత దట్టంగా ఉన్న నూలు గుడ్డ మంచిది. లంగాలకు వాడే పాప్లిన్, పాత దుప్పట్లు, చొక్కా గుడ్డ, బాగా ఉతికి మెత్తబడిన చేనేత చీర అన్నీ పనికొస్తాయి. అయితే చీర నలిగి పలచబడిన చోట కాకుండా అంచు వైపు తీసుకోవాలి. గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది: అవతలి వేళ్లు స్పష్టంగా కనబడితే ఆ ముక్క బొమ్మకు చాలదు, దూది నేతలోంచి బయటికి వస్తుంది. పట్టు, జార్జెట్ జారిపోతాయి, అంచు పోగులు ఊడిపోతాయి. అవి బొమ్మ బట్టలకే గాని ఒంటికి వద్దు. బనియను గుడ్డ సాగుతుంది కాబట్టి బుగ్గలు గుండ్రంగా వస్తాయి. కాని దూది ఎక్కువైతే బొమ్మ ఉబ్బిపోతుంది. ఫెల్టుకు నేత ఉండదు గనుక అంచులు మడవాల్సిన పని లేదు, కొత్తగా నేర్చుకునేవారికి హాయి. దాని ఇబ్బంది ఉతుకులో బయటపడుతుంది, నీళ్లలో ముడుచుకునే రకాలు చాలా ఉన్నాయి.

కొత్త గుడ్డను కత్తిరించే ముందు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయాలి. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, గంజి వదులుతుంది. ఎర్రటి, నీలపు గుడ్డల్ని తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దితే రంగు దిగుతుందో లేదో తేలిపోతుంది. పసిబిడ్డ బొమ్మను నోట్లో పెట్టుకోకుండా ఉండదు. రంగు దిగే గుడ్డ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

నేత దిక్కును చూసుకోవడం చాలామంది మరచిపోయే విషయం. పడుగు పోగులు మగ్గం మీద బిగుతుగా లాగి ఉంటాయి కనుక గుడ్డ నిలువుగా పెద్దగా సాగదు. అడ్డంగా కొంచెం సాగుతుంది, ఏటవాలుగా బాగా సాగుతుంది. బొమ్మ కాళ్లూ చేతులూ పడుగు వెంట పొడవుగా కత్తిరిస్తే ఒకే తీరున నిలబడతాయి. ఒక కాలు నిలువుగా, మరొకటి ఏటవాలుగా కత్తిరిస్తే దూది కూరాక రెండూ రెండు లావులు అవుతాయి.

కత్తిరింపు, కుట్టు

పాత పత్రిక కాగితం మీద నమూనా గీసుకుని, గుడ్డను మంచి వైపు లోపలికి వచ్చేలా మడిచి, వెనక వైపు ఆ గీతను దించుకోవాలి. వేళ్లంత చిన్న ముక్కలైతే ముందే కత్తిరించకుండా గీత వెంట కుట్టేసి, ఆ తర్వాత చుట్టూ అర సెంటీమీటరు వదిలి కత్తిరించడం తేలిక. దర్జీలు చిన్న పట్టీలకు చేసేది ఇదే. పెద్ద ముక్కలకు కుట్టు బయట ఒక సెంటీమీటరు దాకా వదలాలి. మరీ తక్కువ వదిలితే పోగులు ఊడి కుట్టు దాకా వస్తాయి.

బొమ్మ గట్టిదనమంతా కుట్టులోనే ఉంది. సూదిని పైకీ కిందికీ పొడుస్తూ ముందుకు సాగే సాదా కుట్టు టాకాలకు సరిపోతుంది, బొమ్మకు చాలదు. దూది లోపలి నుంచి తోసే ఒత్తిడికి ఆ దారం జరిగి సందులు పడతాయి. చేత్తో కుట్టేవారికి వెనక కుట్టే దిక్కు. ఇందులో సూది ఒక అడుగు ముందుకు వెళ్లి పైకి వచ్చాక, వెనక్కి తిరిగి కిందటి కుట్టు ముగిసినచోటే దిగుతుంది. గుడ్డ వెనక వైపు దారం పోగుల మీద పోగులుగా పడి గట్టిపడుతుంది. ఒకచోట తెగినా పక్క కుట్లు వెంటనే జారిపోవు. ఒక్కో కుట్టు 2 మిల్లీమీటర్లకు మించకుండా ఉంటే మంచిది. నూలు దారం కన్నా పాలియెస్టర్ దారం ఎక్కువ కాలం నిలుస్తుంది. మూరెడు కన్నా పొడవైన దారం మెలికలు పడుతుంది. మిషను ఉన్నవారు కుట్టు దగ్గరగా పెట్టి, చంకలు, కాళ్ల నడుమ, మెడ దగ్గర రెండోసారి కూడా కుట్టాలి. పిల్లలు బొమ్మను ఎప్పుడూ ఒక చెయ్యో కాలో పట్టుకుని ఈడ్చుకెళ్తారు, పిగిలేది అక్కడే.

ఐదారు సెంటీమీటర్ల మేర కుట్టకుండా వదిలితే అక్కడి నుంచి తిరగేయవచ్చు. ఆ సందు వీపు మీదో పక్కనో నిటారు గీత ఉన్నచోట వదలాలి. వంపు మీద వదిలితే మూసేటప్పుడు ముడతలు తప్పవు. తిరగేసే ముందు వంపుల దగ్గర కత్తెర పని ఉంది. తల, భుజం లాంటి బయటి వంపుల్లో కుట్టు బయటి గుడ్డ, కుట్టు గీత కన్నా పొడవుంటుంది. అది లోపలికి వెళ్లాక ఇరుకులో కుప్పపడుతుంది కాబట్టి అక్కడ చిన్న చిన్న త్రికోణాలు కత్తిరించి తీసేయాలి. మెడ, చంక లాంటి లోపలి వంపుల్లో పరిస్థితి తిరగబడుతుంది: అక్కడి గుడ్డ చాలక లాగుతుంది. అందుకని కుట్టుకు ఒక పోగు ఇవతల దాకా గాట్లు పెడితే విప్పారుకుంటుంది. బొమ్మ నునుపుగా వచ్చిందా, ముడతలు పడిందా అన్నది ఈ రెండు నిమిషాల పనే తేలుస్తుంది.

తిరగేయడానికి పెన్సిల్ మొద్దు కొసో అల్లిక సూది వెనక భాగమో వాడవచ్చు. కత్తెర మొన మాత్రం వాడకూడదు. కూరడం పూర్తయ్యాక మూతిని బయట కనబడని కుట్టుతో మూయాలి. రెండు అంచులనూ లోపలికి మడిచి, సూదిని ఒక మడత లోపల నాలుగు మిల్లీమీటర్లు నడిపి, ఎదుటి మడతలోకి దాటించి, అక్కడా అంతే నడిపి మళ్లీ ఇటు తేవాలి. నాలుగైదు కుట్లయ్యాక దారం లాగితే అంచులు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

లోపల ఏం కూరాలి

మామూలు దూది అందరికీ దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది. ఉతికితే ఉండలు కడుతుంది, లోపలి తడి ఆరడానికి చాలా కాలం పడుతుంది. వానాకాలంలో అలా ఆరకుండా మిగిలిన తడే బూజుకు కారణం. బూరుగు దూది తేలిక, దాని పోగుకు సహజంగా మైనపు పూత ఉండటంతో నీళ్లు పీల్చదు. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపింది అందుకే. పోగు చాలా సన్నం కావడంతో కూరేటప్పుడు గాల్లో ఎగిరి ముక్కులోకి పోతుంది. దాన్ని కూరేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పైగుడ్డ నేత దట్టంగా ఉండాలి. దిండ్లలో వాడే పాలియెస్టర్ దూది త్వరగా ఆరుతుంది, తిరిగి ఉబ్బుతుంది. తరచూ ఉతకాల్సిన పసివాళ్ల బొమ్మలకు అదే నయం. కత్తిరింపుల పీలికలు నింపితే ఖర్చేమీ ఉండదు, బొమ్మ మాత్రం బరువెక్కుతుంది. పీలికల్ని గోరంత ముక్కలుగా కత్తిరించకపోతే గడ్డలు తగులుతాయి. పాత దిండు దూది తిరిగి వాడాలనుకుంటే ఎండలో బాగా ఆరబెట్టి, ఏకించి వాడాలి. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో అదీ వద్దు, పాత దూదిలో ధూళి పురుగులు చేరి ఉంటాయి. తెల్లటి థర్మోకోల్ గుళికలు ఏ ఇంటి బొమ్మలోనూ ఉండకూడదు. కుట్టు పిగిలితే అవి పిల్లల ముక్కులోకీ గొంతులోకీ పోతాయి.

దూదిని పిడికెడు పిడికెడుగా కుక్కితే గడ్డలే మిగులుతాయి. వేళ్లతో పీకి వదులు చేసి, కొంచెం కొంచెంగా కాలి కొసల నుంచి మొదలుపెట్టాలి. మెడ దగ్గర మిగతాచోట్ల కన్నా గట్టిగా కూరాలి. ఇంట్లో కుట్టిన బొమ్మల్లో తల వాలిపోవడం మామూలుగా కనిపించే లోపం. తల నుంచి ఛాతీ దాకా చుట్టిన గుడ్డ బత్తి ఒకటి లోపల నిలబెడితే అది పోతుంది. మోకాలు, భుజం వంగాలంటే అక్కడ దూది ఆపి, గుడ్డ మీద అడ్డంగా ఒక కుట్టు వేసి, దాని పైనుంచి మళ్లీ కూరాలి.

ముఖం సంగతి

ముఖం దారంతోనే కుట్టాలి. కళ్లకు ముడి కుట్టు, నోటికి వెనక కుట్టు, పెద్ద కనుపాప కావాలంటే దారాలు పక్కపక్కనే పరిచే నింపుడు కుట్టు. తిరగేయక ముందే, ముక్క విడిగా ఉన్నప్పుడే ఈ పని చేస్తే ముడులన్నీ వెనకే ఉండిపోతాయి. కళ్లు తల మధ్యగీత కన్నా కాస్త కింద, ఎడంగా పెడితే చంటిపిల్ల ముఖం వస్తుంది. పైకి పెడితే పెద్దవాళ్ల పోలిక వస్తుంది. జుట్టుకు ఊలు వాడితే ఒక్కో పోగునూ కుట్టులో పట్టాలి, బంకతో అంటించకూడదు.

1919లో జర్మనీ స్టుట్‌గార్ట్‌లో మొదలైన వాల్డార్ఫ్ పాఠశాలల సంప్రదాయంలో బొమ్మ ముఖానికి రెండు కళ్లు, చిన్న గీతంత నోరు తప్ప ఇంకేమీ పెట్టరు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే బొమ్మ ఏడవలేదు. ముఖం ఖాళీగా ఉంటే పిల్లలు ఆటకు తగ్గట్టు దాన్ని నవ్విస్తారు, ఏడిపిస్తారు, నిద్రపుచ్చుతారు. ఈ వాదనలో బలముంది. కుట్టేవారికి కూడా ఇది మేలే: పని తగ్గుతుంది, ఊడిపోయేవి తగ్గుతాయి.

ఏ వయసుకు ఏ వస్తువు

మొదటి బొమ్మగా బంతి కుట్టడం మంచిది. కిండర్‌గార్టెన్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ పసివాళ్లకిచ్చే మొదటి ఆటవస్తువుగా ఎంచుకున్నది కూడా ఊలుతో అల్లిన ఆరు రంగుల బంతుల్నే. పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బంతి చుట్టుకొలత దాదాపు 31.4 సెంటీమీటర్లు. ఆరు రేకులతో కుట్టాలంటే ఒక్కో రేకు పొడవు అందులో సగం, అంటే 15.7 సెంటీమీటర్లు ఉండాలి. నడుమ వెడల్పు ఆరో వంతు, అంటే 5.2 సెంటీమీటర్లు. కుట్టుకు వదిలేది దీనికి అదనం. రేకుల కొసలన్నీ కలిసే రెండు చోట్లా చిన్న గుండ్రటి ముక్క కుడితే సందు మూసుకుంటుంది. వంపు కుట్లు కష్టమనిపిస్తే నాలుగు సెంటీమీటర్ల భుజం ఉన్న పంచభుజాలు పన్నెండు కత్తిరించి కలపవచ్చు. అన్నీ నిటారు కుట్లే, కూరాక అదీ సుమారు పది సెంటీమీటర్ల బంతే అవుతుంది.

రెండేళ్లు దాటినవారికి బొమ్మలు, గుడ్డ పుస్తకాలు. ముద్రించిన గుడ్డ పుస్తకాలు లండన్‌లోని డీన్స్ ర్యాగ్ బుక్ సంస్థ 1903లో అమ్మడం మొదలుపెట్టింది. ఇంట్లో అయితే దుప్పటి ముక్కలు ఆరు, నడుమ ఒక కుట్టు, పుటకో బొమ్మ చాలు. మూడేళ్లు దాటిన పిల్లలకైతే ఒక పుటలో చొక్కా గుండీలు పెట్టి తీసే పని, ఇంకోదానిలో జిప్పు, మరోదానిలో లేసు కట్టడం పెట్టవచ్చు. మరియా మాంటిస్సోరి తన బడుల్లో గుండీలు, హుక్కులు, లేసులు బిగించిన చట్రాలను పిల్లల చేతికిచ్చింది ఇదే ఉద్దేశంతో. ఆమె 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాక ఆ పద్ధతి దక్షిణాదిలో బాగా వ్యాపించింది.

మూడేళ్ల నుంచి కథల వయసు. సాక్సు ముందుభాగంలో చెయ్యి పెట్టి నోరు ఆడిస్తే అదే తోడేలు, అదే ముసలమ్మ. ఒంటరైన సాక్సులకు ఇంతకన్నా మంచి ఉపయోగం దొరకదు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో ఇలినాయి రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో తయారైన ఎర్ర మడమ సాక్సులతో ఇంటి ఆడవాళ్లు కోతిబొమ్మలు కుట్టారు: ఒక సాక్సుతో తల, ఒళ్లు, కాళ్లు, రెండో దానితో చేతులు, తోక, చెవులు. ఎర్ర మడమ కోతి మూతి అయింది. చేతికి తొడిగే బొమ్మను పిల్లల చేతి కొలతకే కుట్టాలి. పెద్దల కొలతకు కుట్టింది పిల్లల చేతిలో నిలవదు.

గుజ్జనగూళ్ల ఆటకు గుడ్డ కూరగాయలు బాగుంటాయి. తెల్ల ఫెల్టు గుండ్రాలు రెండు కుట్టి కాస్త దూది పెడితే ఇడ్లీ. గోధుమరంగు పలచటి గుండ్రం మడిస్తే దోసె. ఊదా గుడ్డకు ఆకుపచ్చ ఫెల్టు ముచ్చిక తగిలిస్తే వంకాయ. బొమ్మ పిజ్జాల కన్నా ఇవే పిల్లల ఇంటి వంటకు దగ్గర. తమ వంటింట్లో రోజూ చూసేదాన్నే వాళ్లు ఆడుకుంటారు.

ఆరేళ్లు దాటినవారికి గుడ్డ పటాలు. పచ్చీసును పూర్వం నుంచీ శిలువ ఆకారపు గుడ్డ మీదే ఆడారు. మడిచి సంచిలో వేసుకోవచ్చు, ఎక్కడైనా పరచవచ్చు. అష్టాచెమ్మా పటం అంతకన్నా తేలిక. ఎనిమిది సెంటీమీటర్ల గళ్లు అడ్డం ఐదు, నిలువు ఐదు కలిపితే నలభై సెంటీమీటర్ల చదరం. నాలుగు పక్కల నడిమి గళ్లలోనూ మధ్య గడిలోనూ అడ్డగీతల ముద్ర వేరే రంగు దారంతో కుట్టాలి. పటానికి వెనకే సంచి కుడితే నాలుగు గవ్వలు, కాయలు అందులోనే ఉంటాయి. అచ్చనగాయలకూ గుడ్డ రూపముంది. జపానులో ఒతెదామా అని గుడ్డముక్కలు నాలుగు కలిపి కుట్టి, లోపల అజుకి గింజలు పోసిన చిన్న సంచులతో ఎగరేసి పట్టే ఆట ఆడతారు. అమ్మమ్మలు మనవరాళ్లకు నేర్పే ఆట అది. తెలుగింట చింతపిక్కలతో అలాంటివి కుట్టుకోవచ్చు. గింజలున్నవి ఉతకకూడదు, తడిస్తే మొలకెత్తుతాయి, పురుగు పడుతుంది.

జాగ్రత్తలు

మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు గుండీలు, పూసలు, అద్దాలు, చెమ్కీలు, మువ్వలు బయటికి కనిపించేలా కుట్టకూడదు. ఎంత గట్టిగా కుట్టినా నమిలితే దారం తెగుతుంది. ఊపిరాడకుండా చేసే చిన్న వస్తువును గుర్తించడానికి బొమ్మల ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని కొలతగా వాడతారు. అందులో పూర్తిగా పట్టేది ఏదైనా పసివాళ్లకు ప్రమాదకరం. 27 మిల్లీమీటర్ల పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దది కూడా అందులో పడిపోతుందంటే ఎంత జాగ్రత్త అవసరమో ఊహించవచ్చు. శబ్దం కావాలంటే మువ్వను వేరే చిన్న గుడ్డసంచిలో కుట్టి దూది నడుమ పెట్టాలి. రిబ్బన్లు, తాళ్లు జానెడు కన్నా తక్కువ ఉండాలి, మెడకు చుట్టుకునే ఉచ్చుల్లా ఉండకూడదు. గింజల సంచులు, గవ్వలు పసివాళ్లకు అందకూడదు. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేచోట మెత్తటి బొమ్మలేవీ ఉంచవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది, ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది కనుక. మెలకువగా ఉన్నప్పుడు పెద్దల కళ్లెదుట ఆడించాలి.

కుట్టు గట్టిదనాన్ని పరీక్షించకుండా బొమ్మను పిల్లల చేతికివ్వకూడదు. యూరప్ ప్రమాణం మెత్తటి బొమ్మ కుట్టు 70 న్యూటన్ల లాగుడుకు, అంటే దాదాపు ఏడు కిలోల బరువుకు ఓర్చుకోవాలంటుంది. ఇంట్లో ఏడు కిలోల బియ్యం సంచి హ్యాండిల్‌ను బొమ్మ చేతికి తగిలించి చూస్తే సరిపోతుంది. పనికి ముందు గుండుసూదుల్ని లెక్కపెట్టి, ముగిశాక మళ్లీ లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా బొమ్మ పెద్దల దగ్గరే ఉండాలి. కర్మాగారాల్లో ఇందుకోసం ప్రత్యేకంగా యంత్రాలే ఉంటాయి.

కుట్టిన బొమ్మల్ని అమ్మాలనుకునేవారికి చట్టం ఉంది. 2020లో కేంద్రం తెచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. అమ్మకుండా సొంత పిల్లల కోసం కుట్టుకునేవారికి దీనితో సంబంధం లేదు. అయినా ఆ ప్రమాణాల్లోని జాగ్రత్తలు ఇంటికీ వర్తిస్తాయి.

ఉతుకు, మరమ్మతు

బొమ్మను గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి నానబెట్టి, చేత్తో ఒత్తి పిండాలి. మెలితిప్పి పిండితే దూది ఒక మూలకు చేరుతుంది. తువ్వాలులో చుట్టి తడి పీల్చాక ఎండలో ఆరేయాలి. చెవో చెయ్యో పట్టి వేలాడదీయకుండా జాలీ మీద పడుకోబెట్టాలి, గంటకోసారి తిప్పాలి. పైన ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది కనుక మెడ, పొట్ట నొక్కి చూడాలి. మొదట కుట్టేటప్పుడే పొట్టకు విడిగా గలీబు లాంటి తొడుగు పెడితే దాన్నొక్కదాన్నే విప్పి ఉతకవచ్చు.

పిగిలిన కుట్టును అదే రోజు మరమ్మతు చేయాలి, ఒక అంగుళం సందులోంచి గుప్పెడు దూది బయటికి రావడానికి పూట చాలు. గుడ్డే చిరిగితే అంచులు లాగి కుట్టకుండా, చిరుగు కన్నా వేలెడు పెద్దదైన అతుకు వేసి చుట్టూ కుట్టాలి. ఐదారేళ్ల పిల్లలకు ఈ పనిలో భాగమివ్వవచ్చు. మొదట గోనెపట్టా ముక్క మీద మొద్దు కొస ఉన్న పెద్ద సూదితో, ఊలు దారంతో సాదా కుట్టు వేయిస్తే చెయ్యి కుదురుతుంది. చూపు, వేళ్లు ఒకదానితో ఒకటి పనిచేయడం అలవాటవుతుంది. ఆ తర్వాత బొమ్మకు చదరపు దిండు, దుప్పటి, సంచి లాంటి నిటారు కుట్ల వస్తువులు కుట్టించవచ్చు. ఏడెనిమిదేళ్లకు వెనక కుట్టు పట్టుబడుతుంది, అప్పటికి మగపిల్లలైనా ఆడపిల్లలైనా తమ బొమ్మ చెయ్యి ఊడితే తామే కుట్టుకోగలుగుతారు.